బ్యాకప్ టేపు డ్రైవులు: శుభ్రత, నిర్వహణ

కంప్యూటర్లలోని సమాచారానికి నకలు తీసి అయస్కాంత టేపు మీద భద్రపరిచే యంత్రం టేపు డ్రైవు. హార్డ్ డిస్కులో హెడ్డు పళ్లేన్ని తాకకుండా తేలుతూ పనిచేస్తుంది, అదీ మూసేసిన పెట్టెలో. టేపు డ్రైవు సంగతి వేరు. ఇక్కడ టేపు హెడ్డును రాసుకుంటూ పోవాలి. కార్ట్రిడ్జి పెట్టి తీసిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోతుంది. ఈ యంత్రానికి క్రమం తప్పని శుభ్రత అవసరం కావడానికి మూలం ఈ రెండు విషయాలే.

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతంలో టేపు బ్యాకప్ ప్రస్తావన ఎక్కువగా మందుల పరిశ్రమతో ముడిపడి వస్తుంది. హెపటైటిస్-బి టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారం మేడ్చల్‌లోనే వెలసింది. షామీర్‌పేట, తుర్కపల్లి చుట్టూ 1999 నుంచి జీనోమ్ వ్యాలీ విస్తరించింది. అమెరికాకు మందులు పంపే ఏ కర్మాగారమైనా పాటించాల్సిన 21 సీఎఫ్ఆర్ 211.68 అనే నిబంధన, కంప్యూటర్లో చేరిన సమాచారానికి బ్యాకప్ ఉండి తీరాలంటుంది. ఆ నకలు మూలంతో అచ్చంగా సరిపోవాలి, ఏదీ తగ్గకూడదు, ఎవరూ మార్చడానికిగానీ పొరపాటున చెరపడానికిగానీ వీలుండకూడదు. 1978లో రాసిన ఆ వాక్యంలో నకళ్ల రూపాలకు ఉదాహరణగా టేపు పేరు కూడా ఉంది. టేపే వాడాలన్న నిర్బంధం లేదు. కాకపోతే, ఒక బ్యాచ్ మందు గడువు తీరాక కనీసం ఏడాది దాకా దాని రికార్డులు ఉంచాలి కాబట్టి, ఏళ్ల తరబడి కరెంటు ఖర్చు లేకుండా అల్మారాలో పడి ఉండే టేపు ఇలాంటి పనికి బాగా సరిపోతుంది. అలా పడి ఉన్న టేపు, అడిగిన రోజున చదవగలిగే స్థితిలో ఉండాలి. నిర్వహణ అంతా ఆ ఒక్క రోజు కోసమే.

హెడ్డుకూ టేపుకూ మధ్య ఎడం

ఇప్పుడు వాడుకలో ఉన్నవి దాదాపు అన్నీ ఎల్‌టీఓ రకం డ్రైవులు. 2000లో వచ్చిన మొదటి తరం కార్ట్రిడ్జిలో 100 గిగాబైట్లు పట్టేవి. 2017 నాటి ఎనిమిదో తరంలో 12 టెరాబైట్లు, 2021 నాటి తొమ్మిదో తరంలో 18 టెరాబైట్లు పడతాయి. టేపు వెడల్పు మాత్రం అర అంగుళం దగ్గరే ఉండిపోయింది. ఆ అర అంగుళంలోనే ఎనిమిదో తరం 6,656 ట్రాకులు సర్దుతుంది. 32 ట్రాకులను ఒకేసారి రాస్తూ, 960 మీటర్ల టేపును 208 సార్లు అటూ ఇటూ నడిపితేగానీ కార్ట్రిడ్జి నిండదు. అంటే ఒక్క కార్ట్రిడ్జి నింపడానికి హెడ్డు మీదుగా దాదాపు 200 కిలోమీటర్ల టేపు రాసుకుపోతుంది. మేడ్చల్, షామీర్‌పేటల మీదుగా నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కన్నా అది పొడవు. సెకనుకు 360 మెగాబైట్ల వేగంతో ఆపకుండా రాసినా ఈ పనికి తొమ్మిది గంటల పైనే పడుతుంది.

హెడ్డుకూ టేపుకూ మధ్య ఎడం పెరిగితే సిగ్నలు ఎంత పడిపోతుందో 1951లో బెల్ ల్యాబొరేటరీస్‌కు చెందిన ఆర్. ఎల్. వాలెస్ లెక్కగట్టాడు. రాసిన సిగ్నలు తరంగదైర్ఘ్యమెంతో అంత ఎడం ఏర్పడితే నష్టం సుమారు 55 డెసిబెల్స్. అంటే చదివే సిగ్నలు దాదాపు 500వ వంతుకు దిగిపోతుంది. ఎనిమిదో తరం టేపు మీద మిల్లీమీటరు పొడవులో 20,000కు పైగా బిట్లుంటాయి. అక్కడ తరంగదైర్ఘ్యం మైక్రాన్‌లో పదో వంతు. పొగలోని రేణువు కూడా దానికన్నా పెద్దదే కావచ్చు. కంటికి కనిపించే దుమ్ము గురించి చెప్పనే అక్కర్లేదు.

హెడ్డు మీద పేరుకునేదంతా బయటి దుమ్మే అనుకోవడం సరికాదు. టేపు పూత నుంచి రాలే సన్నని పొడి, టేపును అర అంగుళం వెడల్పున కోసినప్పుడు అంచుల్లో మిగిలిన నలుసులు కూడా హెడ్డుకు అంటుకుంటాయి. కొత్త టేపులు వరసగా వాడిన వారంలో, శుభ్రం చేయమని డ్రైవు అడిగే క్లీనింగ్ లైటు మామూలు కన్నా ముందే వెలగడానికి కారణం ఇదే. బయటి నుంచి వచ్చే దుమ్ములో స్థానికమైన చిక్కు ఒకటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల నేల గ్రానైటు నేల. క్వారీల నుంచి, కంకర మిషన్ల నుంచి, తవ్వుతున్న ప్లాట్ల నుంచి లేచే ధూళిలో క్వార్ట్‌జ్ ఉంటుంది. మోహ్స్ కొలమానంలో దాని గట్టిదనం 7. హెడ్డు ఆధారఫలకం అంతకన్నా గట్టిదే అయినా, అందులో పొదిగిన లోహపు సెన్సర్లు, టేపు పూత దానికి తట్టుకోలేవు. మెత్తటి మసి హెడ్డును మసకబారుస్తుంది, తుడిస్తే పోతుంది. క్వార్ట్‌జ్ రేణువు గీత పెడుతుంది. పడిన గీత ఏ క్లీనింగ్‌తోనూ పోదు.

రీలు టేపుల నాటి పద్ధతి

1952 నాటి ఐబీఎం 726 లాంటి యూనిట్లలో వాడిన రీలు టేపులకు శుభ్రత పూర్తిగా చేతి పనే. షిఫ్టు మారగానే ఆపరేటరు ముందు తలుపు తీసేవాడు. నూగు రాలని బట్టనో పొడవాటి పుల్లకు చుట్టిన దూదినో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి హెడ్డును, టేపు దారి పొడవునా ఉండే గైడ్లను, టేపు మీది నలుసులను గీకే బ్లేడును, వాక్యూమ్ కాలమ్ లోపలి గోడలను తుడిచేవాడు. రీలు మొదట్లో కొన్ని మీటర్లు మాటిమాటికీ చేయి తగిలి నలిగిపోతాయి. ఆ ముక్కను కత్తిరించి పారేసి, టేపు మొదలును చూపే మెరిసే రేకును కొత్తగా అతికించడం కూడా మామూలు పనుల్లో ఒకటి.

ఈ తరం యంత్రాలతో నేటి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాకు గట్టి సంబంధమే ఉంది. 1967లో మొదలై, 1969లో టీడీసీ-12 కంప్యూటరును తయారుచేసిన ఈసీఐఎల్ ఇప్పుడు ఈ జిల్లా పరిధిలోనే ఉంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కార్యాలయమున్న బాలానగర్ కూడా అంతే. దాని షాద్‌నగర్ స్టేషన్‌లో 1979 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ సమాచారాన్ని హై డెన్సిటీ టేపుల మీద రికార్డు చేసి, ఆ టేపులను రోడ్డు మార్గాన బాలానగర్‌కు తెచ్చి చిత్రాలు తయారుచేసేవారు. కోరినవారికి సమాచారాన్ని ఇచ్చింది కూడా కంప్యూటర్ రీలు టేపుల మీదే. 2011లో షాద్‌నగర్‌లో ఇమ్జియోస్ అనే సమీకృత వ్యవస్థ వచ్చి, డిస్కులూ టేపు లైబ్రరీ కలిసిన అంచెల నిల్వ ఏర్పడ్డాక ఆ ప్రయాణాలు అవసరం లేకుండా పోయాయి. దేశం మొత్తం మీద చూస్తే, ఇలాంటి యంత్రాల మరమ్మతును ప్రత్యేక వృత్తిగా నిలబెట్టింది 1975లో పుట్టిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ. 1978లో ఐబీఎం భారతదేశం విడిచి వెళ్లినప్పుడు దాని యంత్రాల బాధ్యత ఆ సంస్థ మీద పడింది.

ఆనాటి అలవాటు ఒకటి చాలాకాలం మిగిలిపోయింది. దూది, స్పిరిట్ పట్టుకుని డ్రైవు మూత విప్పడమే ఆ అలవాటు. నేటి డ్రైవులకు ఇది పనికిరాదు. డాట్ అనే మరో రకం డ్రైవులో నిమిషానికి వేల చుట్లు తిరిగే డ్రమ్ము మీద హెడ్డు ఏటవాలుగా అమర్చి ఉంటుంది. దూది పోగు తగిలినా అది పాడవుతుంది. ఎల్‌టీఓలో హెడ్డును మైక్రాన్ల లెక్కన కదిపే సన్నని అమరిక ఉంటుంది. డబ్బాలో నింపిన గాలి ఊదితే హెడ్డు మీది మురికి పోదు సరికదా, మూలల్లో ఉన్న దుమ్ము కూడా టేపు దారిలోకి వస్తుంది.

క్లీనింగ్ టేపు

ఇప్పుడు మనం శుభ్రం చేయడానికి వాడాల్సిన సాధనం క్లీనింగ్ టేపు ఒక్కటే. చూడ్డానికి మామూలు కార్ట్రిడ్జిలాగే ఉంటుంది. లోపలి టేపు మాత్రం కాస్త గరుకు. హెడ్డు మీది పొరను అది గీకి తీస్తుంది. ఒకసారి వాడిన ముక్క మళ్లీ హెడ్డుకు తగలదు, ప్రతిసారీ కొత్త ముక్క వస్తుంది. అందుకే దానికి లెక్క ఉంటుంది. ఎల్‌టీఓ యూనివర్సల్ క్లీనింగ్ టేపు డ్రైవును బట్టి 15 నుంచి 50 సార్లు పనిచేస్తుంది. ఎన్నిసార్లు వాడారో కార్ట్రిడ్జిలోని చిన్న చిప్పే రాసుకుంటుంది. పాత డీఎల్‌టీ రకానికి పసుపు రంగు క్లీనింగ్ టేపు వచ్చేది, ఆయుష్షు 20 సార్లు. దాని లేబులు మీది గళ్లలో ఒక్కోసారికి ఒక్కో టిక్కు పెట్టడం ఆపరేటరు పని. టిక్కు మరిచిపోతే అయిపోయిన టేపునే మళ్లీ మళ్లీ పెడుతూ, శుభ్రం చేశామన్న భ్రమలో ఉండిపోయేవారు.

పద్ధతి తేలికే. డ్రైవులో ఉన్న టేపును బయటికి తీసి క్లీనింగ్ టేపును పెట్టాలి. డ్రైవు దాన్ని తనే గుర్తుపట్టి, ఒకటి రెండు నిమిషాల నుంచి అయిదు నిమిషాల లోపు పని ముగించి బయటికి తోస్తుంది. మధ్యలో బటన్ నొక్కకూడదు, కరెంటు తీయకూడదు. బయటికి వచ్చాక కూడా లైటు ఆరకపోతే ముందు అనుమానించాల్సింది క్లీనింగ్ టేపు గడువునే.

ఎప్పుడు చేయాలన్న విషయంలో డ్రైవుకో తీరు. డాట్ డ్రైవులకు వారానికొకసారి అని తయారీదారులే చెప్పేవారు. ఎల్‌టీఓకు ఆ నియమం వర్తించదు. చాలా ఎల్‌టీఓ డ్రైవుల లోపల చిన్న బ్రష్ ఉంటుంది. అది హెడ్డును మధ్యమధ్యలో తుడుస్తూనే ఉంటుంది. అది చాలనప్పుడు డ్రైవే అడుగుతుంది. ఐబీఎం డ్రైవు ముందు భాగాన ఒక్క అక్షరం చూపే చిన్న డిస్‌ప్లేలో ‘సీ’ కనిపిస్తుంది. హెచ్‌పీ డ్రైవులో క్లీన్ అని రాసి ఉన్న నారింజ రంగు లైటు మిణుకుమంటుంది. అడగకముందే వారం వారం క్లీనింగ్ టేపు నడిపితే హెడ్డు అరిగిపోతుంది. మందుల కంపెనీల్లో ప్రతి యంత్రానికీ క్లీనింగ్ షెడ్యూలు, లాగ్ బుక్కు ఉండాలి కాబట్టి టేపు డ్రైవును కూడా ‘నెలకు నాలుగుసార్లు’ అని అదే పట్టికలో చేర్చేయడం జరుగుతుంది. ఆడిటరుకు పట్టిక ముచ్చటగా కనిపిస్తుంది, డ్రైవు ఆయుష్షు తగ్గుతుంది. ఎల్‌టీఓ విషయంలో పట్టికలో ఉండాల్సింది ‘లైటు చూశాం, సందేశాలు చూశాం’ అన్న రోజువారీ నమోదు. క్లీనింగ్ జరిగిన రోజు తేదీ, కారణం, టేపు నంబరు.

డ్రైవు పంపే సందేశాలకు టేప్ అలర్ట్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. అందులో 64 రకాల హెచ్చరికలున్నాయి. 20వది ‘ఇప్పుడే శుభ్రం చేయండి’, 21వది ‘వీలైనప్పుడు శుభ్రం చేయండి’, 22వది ‘క్లీనింగ్ టేపు అయిపోయింది’. పదుల కార్ట్రిడ్జిలను మరచేయితో మార్చే టేపు లైబ్రరీల్లో క్లీనింగ్ టేపుకు ఒక గది కేటాయించి, ‘సీఎల్ఎన్’ అక్షరాలతో మొదలయ్యే బార్‌కోడ్ అంటిస్తారు. హెచ్చరిక రాగానే లైబ్రరీ తనే దాన్ని తీసుకెళ్లి పెడుతుంది. ఈ పని లైబ్రరీకైనా అప్పగించాలి, బ్యాకప్ సాఫ్ట్‌వేరుకైనా అప్పగించాలి. రెండింట్లోనూ ఆటో క్లీనింగ్ ఆన్ చేసి ఉంచితే అవి ఒకదాని పనికి ఒకటి అడ్డొస్తాయి, బ్యాకప్ మధ్యలో నిలిచిపోతుంది.

క్లీనింగ్ అయిన కాసేపటికే లైటు మళ్లీ వెలిగితే మళ్లీ క్లీనింగ్ చేయడం పరిష్కారం కాదు. అప్పుడు డ్రైవులో ఉన్నది ఏ టేపో చూడాలి. ఒకే టేపు పెట్టినప్పుడల్లా వెలుగుతుంటే దోషం ఆ టేపుది. దాన్ని వాడుక నుంచి తప్పించాలి. ఏ టేపు పెట్టినా వెలుగుతుంటే హెడ్డు అరిగిందని అర్థం, సర్వీసు ఇంజనీరును పిలవాలి. పూత రాలుతున్న టేపును ‘ఇంకో డ్రైవులో చూద్దాం’ అని మార్చి మార్చి పెడితే ఆ డ్రైవూ మురికవుతుంది, దానిలో తర్వాత పెట్టిన మంచి టేపులూ మురికవుతాయి.

గది, గాలి, ఎండ

డ్రైవు లోపల చేయగలిగింది ఇంతే. మిగతా శుభ్రతంతా గదిలో జరగాలి. డ్రైవులోని ఫ్యాను ముందు నుంచి గాలి లాగి వెనక్కి వదులుతుంది, ఆ గాలిలో ఏముంటే అది టేపు దాకా వస్తుంది. సర్వర్ గదిని పొడి చీపురుతో ఊడ్వకూడదు; తడి గుడ్డ బాగా పిండి తుడవాలి, లేదా సన్నని ఫిల్టరున్న వాక్యూమ్ క్లీనరు వాడాలి. అట్టపెట్టెలు బయటే విప్పాలి. ప్రింటరు ఆ గదిలో ఉండకూడదు. టోనరు పొడి, కాగితపు నూగు రెండూ హెడ్డుకు చెరుపే. ర్యాకులో ఖాళీ అరలకు మూత పలకలు బిగించాలి. కారిడార్ తలుపు తెరిచిపెట్టి టీకి వెళ్లడం లాంటివి జాతీయ రహదారి పక్కన ఉన్న ఆవరణల్లో మరీ ప్రమాదం. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు పసుపు కుంకుమలు ర్యాకు తలుపుకు బయటివైపు బొట్టు పెట్టడంతో ఆగాలి. అగరుబత్తి, హారతి సర్వర్ గది గుమ్మం దాటి లోపలికి రాకపోవడమే మంచిది. ఆ పొగ హెడ్డుకే కాదు, పొగను పసిగట్టే అలారాలకూ పడదు.

ఉష్ణోగ్రత, తేమల విషయంలో తయారీదారుల హద్దులు కాస్త ఉదారంగానే ఉంటాయి. చాలా డ్రైవులు 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, 20 నుంచి 80 శాతం తేమలో పనిచేస్తాయి. టేపులను ఏళ్ల తరబడి దాచడానికి మాత్రం 16 నుంచి 25 డిగ్రీలు, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలి. ఈ ప్రాంతంలో వానాకాలపు తేమ ఆ 50 శాతాన్ని సులువుగా దాటేస్తుంది. అందువల్ల టేపుల బీరువా ఉండాల్సింది ఏసీ నిరంతరం నడిచే గదిలో. రాత్రి ఏసీ ఆపేసే మేనేజరు క్యాబిన్లో కాదు. కరెంటు పోయినప్పుడు సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూ ఏసీ మాత్రం ఆగిపోయే ఏర్పాటు చాలా చోట్ల కనిపిస్తుంది. జనరేటరు అందుకునే లోపు గది వేడెక్కుతుంది. ఆ సమయంలో బ్యాకప్ నడుస్తుంటే టేపు కొద్దిగా సాగి, ట్రాకులు తప్పే ప్రమాదం ఉంది.

ఒక నకలు వేరే చోట ఉంచాలన్న నియమం మేరకు టేపులు కర్మాగారం నుంచి నగరంలోని ఆఫీసుకో లాకరుకో వెళ్తుంటాయి. రవాణాలో ఎల్‌టీఓ టేపు తట్టుకునే గరిష్ఠ వేడి 49 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో, బైకు డిక్కీలో వేడి ఆ హద్దు దాటిపోతుంది. టేపులను మెత్త ఉన్న పెట్టెలో, ఒక్కో కార్ట్రిడ్జిని దాని ప్లాస్టిక్ డబ్బాలో నిలువుగా పెట్టి, ఉదయం పూట తరలించడం మేలు. వచ్చిన టేపును వెంటనే డ్రైవులో పెట్టకూడదు. గది వాతావరణానికి అలవాటు పడటానికి 24 గంటల దాకా వదిలేయాలి. లేకపోతే తేమ పట్టి టేపు హెడ్డుకు అతుక్కుంటుంది.

టేపుల పరీక్ష, డ్రైవు నడక

కింద పడిన కార్ట్రిడ్జిని చూడకుండా డ్రైవులో పెట్టడం వల్ల చెడిపోయే డ్రైవులు తక్కువేం కాదు. ఎల్‌టీఓ కార్ట్రిడ్జికి ఒక మూలన చిన్న తలుపుంటుంది. దాన్ని వేలితో పక్కకు జరిపితే లోపల టేపు కొసకు బిగించిన సన్నని లోహపు పిన్ను కనిపిస్తుంది. డ్రైవు టేపును లాగేది ఆ పిన్నును పట్టుకునే. అది తన గాడిలో, రెండు క్లిప్పుల మధ్య నిటారుగా ఉండాలి. పక్కకు ఒరిగి ఉంటే ఆ కార్ట్రిడ్జి డ్రైవులో ఇరుక్కుంటుంది, బయటికి తీయడానికి డ్రైవు విప్పాల్సి వస్తుంది. బార్‌కోడ్ లేబులు దానికోసం వదిలిన గాడిలోనే అంటించాలి. పై నుంచి కాగితపు స్టిక్కర్లు అంటిస్తే ఊడి లోపల పడతాయి.

డ్రైవును అరగదీసే మరో కారణం మురికి కాదు, నెమ్మదిగా వచ్చే సమాచారం. సర్వరు నుంచి డేటా సరిపడా వేగంతో అందకపోతే డ్రైవు ఆగి, టేపును కొంచెం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు పరిగెత్తుతుంది. ఇలా గంటల తరబడి జరిగితే టేపులో ఒకే భాగం హెడ్డు మీద రుద్దుకుపోతుంది. కొత్త డ్రైవులు వేగం తగ్గించుకుని కొంతవరకు సర్దుకుంటాయి. ప్రయోగశాల పరికరాల నుంచి వచ్చే లక్షలాది చిన్న చిన్న ఫైళ్లను నేరుగా టేపు మీదికి పంపకుండా, ముందు ఒక డిస్కు మీదికి చేర్చి అక్కడి నుంచి ఒక్క ధారగా పంపడం దీనికి మంచి మార్గం.

రాస్తూనే వెనువెంటనే చదివి సరిచూసుకోవడం, తప్పులు దిద్దుకోవడం ఎల్‌టీఓలో అంతర్భాగం. దానివల్ల ఒక ఇబ్బంది ఉంది: హెడ్డు పాడవుతున్నా బ్యాకప్ ‘విజయవంతం’ అనే కనిపిస్తుంది. దిద్దిన తప్పుల సంఖ్య నెలనెలా పెరుగుతోందా అన్నది డ్రైవు లాగుల్లోనే తెలుస్తుంది. హెచ్‌పీఈ లైబ్రరీ అండ్ టేప్ టూల్స్, ఐబీఎం ఐటీడీటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ అంకెలను చూపుతాయి. ఫర్మ్‌వేర్ మార్చడానికీ అవే పనికొస్తాయి. అంతిమ పరీక్ష మాత్రం టేపు నుంచి ఫైళ్లను వెనక్కి తెచ్చి మూలంతో పోల్చడమే. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు లోపం జీమెయిల్ వాడేవారిలో 0.02 శాతం మంది ఉత్తరాలను గూగుల్ డిస్కుల్లోని నకళ్లతో సహా తుడిచేసినప్పుడు, వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. రాసిన డ్రైవులోనే చదివి తృప్తిపడకుండా అప్పుడప్పుడు వేరే డ్రైవులో కూడా చదివి చూడాలి. హెడ్డు కాస్త పక్కకు జరిగిన డ్రైవు తను రాసింది తను చదువుకోగలదు, ఇంకొకటి చదవలేకపోవచ్చు.

పాత డ్రైవులు, చివరి దశ

ఏడో తరం దాకా ఎల్‌టీఓ డ్రైవు తనకు రెండు తరాల వెనుకటి టేపును చదవగలిగేది. ఎనిమిదో తరం డ్రైవు ఏడు, ఎనిమిది తరాలను మాత్రమే చదువుతుంది. 2010 నాటి అయిదో తరం టేపుల మీద బ్యాచ్ రికార్డులున్న సంస్థ కొత్త డ్రైవు కొన్నంత మాత్రాన పాతదాన్ని పారేయలేదు. పక్కన పెట్టిన పాత డ్రైవుకు కూడా నిర్వహణ కావాలి. దానికి దుమ్ము ముసుగు వేయాలి, మూడు నాలుగు నెలలకోసారి కరెంటిచ్చి ఒక టేపు చదివించాలి, దాన్ని నడిపే కార్డు, కేబుల్, పాత సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటరు వేరు కాకుండా చూడాలి. ఎల్‌టీఓ డ్రైవు యంత్రభాగాన్ని ఇప్పుడు తయారుచేసేది ఐబీఎం ఒక్కటే, టేపులు ఫ్యూజీఫిల్మ్, సోనీల నుంచే వస్తాయి కాబట్టి పాత భాగాల కోసం వెతుకులాట తేలిక కాదు. వీలైతే టేపుల్లోని సమాచారాన్ని కొత్త తరానికి ఎక్కించి, పోల్చి, సంతకాలతో నమోదు చేయడమే దారి.

1970, 80ల నాటి రీలు టేపుల్లో కొన్నిటికి ఇంకో జబ్బు ఉంది. పూతను పట్టి ఉంచే పాలియురేథేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. అలాంటి టేపు హెడ్డుకు అతుక్కుని కీచుమంటూ పూత వదులుతుంది. వాటిని సుమారు 54 డిగ్రీల నిలకడ వేడిలో గంటల కొద్దీ ఉంచి, తాత్కాలికంగా తేరుకున్నప్పుడు ఒక్కసారి చదివి నకలు తీస్తారు. ఇది నిపుణుల పని.

గడువు తీరిన టేపును చెరిపేందుకు బలమైన అయస్కాంతం వాడితే సమాచారంతోపాటు హెడ్డుకు దారిచూపే సర్వో గీతలు కూడా పోతాయి. వాటిని కర్మాగారంలోనే రాస్తారు, బయట మళ్లీ రాయలేరు. ఆ కార్ట్రిడ్జి ఇక దేనికీ పనికిరాదు. మళ్లీ వాడాలనుకుంటే మామూలుగా డ్రైవులోనే తుడిచి రాయాలి. డ్రైవును వదిలించుకునే ముందు లోపల టేపేదీ మిగల్లేదని చూసి, ర్యాకు నుంచి విప్పి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు నంబరు డ్రైవు లాగ్ బుక్కులో చివరి నమోదు అవుతుంది.